ఉల్కరాయి దొరికే నేలను ఎంచుకోవడం

ఉల్కలు ఫలానా దేశం మీదే ఎక్కువగా పడాలని ఏమీ లేదు. 50 గ్రాములకు మించిన ఉల్క నేలదాకా చేరడం భూమి మొత్తం మీద ఏడాదికి 17 వేలకు పైగా సార్లు జరుగుతుందని, అంటార్కిటికాలో దొరికిన రాళ్ల ఆధారంగా 2020లో ఒక లెక్క తేల్చారు. భూమధ్యరేఖ దగ్గర పడేవాటిలో మూడింట రెండు వంతులు ధ్రువాల దగ్గరా పడతాయి. సముద్రాలను కూడా కలిపి సమానంగా పంచితే ఏటా ప్రతి 29 వేల చదరపు కిలోమీటర్లకు ఒకటి వస్తుంది. ఆ లెక్కన ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండింటికీ కలిపి ఏడాదికి తొమ్మిదో పదో. 1870లో అప్పటి విశాఖపట్నం జిల్లా నెడగొల్లలో ఇనుప ఉల్క పడింది. ఆనాటి నుంచి లెక్కేసినా ఈ రెండు రాష్ట్రాల్లో వెయ్యికి పైగా పడి ఉండాలి. మరి అవన్నీ ఏమైనట్టు?

కొన్ని చెరువుల్లో పడ్డాయి, కొన్ని వరిమళ్లలో దిగబడ్డాయి, కొన్ని నల్లరేగడి నెర్రెల్లోకి జారాయి. అడవిలో పడినవాటి మీద ఆకులు కుళ్లి మన్నయ్యాయి. బయట మిగిలినవాటిని నాలుగు వానాకాలాలు తుప్పు పట్టించి పక్కనున్న గులకరాళ్లలో కలిపేశాయి. రాయి ఎక్కడ పడిందన్నదానికంటే, పడ్డాక ఆ నేల దాన్ని ఏం చేసిందన్నదే వేటకు ముఖ్యం. మంచి ప్రాంతమంటే వేల ఏళ్లుగా పడిన రాళ్లను కదపకుండా, కప్పకుండా, కరగనివ్వకుండా పైనే ఉంచిన ప్రాంతం. కొత్తగా ఈ పనిలోకి దిగేవారు పరికరాల మీద, పుస్తకాల మీద డబ్బు పోస్తారు. నేల తప్పుగా ఎంచుకుంటే అవేవీ ఆదుకోవు. ఎంపిక సరిగ్గా ఉంటే రెండు కళ్లూ, మంచి చెప్పులూ చాలావరకు సరిపోతాయి.

నడక లెక్క

ఎంపికకు ఇంత ప్రాధాన్యం ఎందుకో కొద్దిపాటి గుణకారంతో తేలిపోతుంది. ఒక మనిషి నడుస్తూ కుడివైపు అయిదు మీటర్లు, ఎడమవైపు అయిదు మీటర్లు శ్రద్ధగా చూడగలడనుకుందాం. ఒక చదరపు కిలోమీటరు పూర్తిగా చూడాలంటే వంద కిలోమీటర్లు నడవాలి. ఇప్పుడు మూడు రకాల నేలలు తీసుకుందాం. దున్నుతూ, వానకు తడుస్తూ వందేళ్ల రాళ్లను మాత్రమే నిలుపుకున్న పొలంలో ఒక్క రాయి కోసం 29 వేల కిలోమీటర్లు నడవాలి. పదివేల ఏళ్ల రాళ్లను నిలుపుకున్న ఎడారి చదునులో 290 కిలోమీటర్లు. లక్ష ఏళ్ల రాళ్లు పేరుకున్నచోట 29 కిలోమీటర్లు. అంటే రెండు రోజుల పని.

ఇది ఉజ్జాయింపే. చాలా ఉల్కలు గాల్లోనే పగిలి పదులు, వందల ముక్కలుగా పడతాయి కనుక అదృష్టం కొంత కలిసిరావచ్చు. గాలికి అరిగిపోయినవీ, ఇసుక కింద పడినవీ ఉంటాయి కనుక తగ్గనూవచ్చు. అయినా ఒక నేలకూ మరో నేలకూ మధ్య తేడా వెయ్యి రెట్లు ఉండగలదన్న సంగతి మాత్రం మారదు. నిరాశపడి మానేసేవారిలో ఎక్కువమంది ఓపిక లేక కాదు, 29 వేల కిలోమీటర్ల నేలలో 30 కిలోమీటర్లు నడిచి ఏమీ లేదనుకోవడం వల్లే మానేస్తారు.

ప్రాంతాన్ని తూచే ప్రశ్నలు

1. నేల ఎంతకాలంగా కదలకుండా ఉంది?

అన్నిటికంటే ముందు అడగవలసిన ప్రశ్న ఇదే. చిలీలోని అటకామా ఎడారిలో ఏరిన ఉల్కలు ఎంతకాలం కిందట పడ్డాయో 2019లో ఒక పరిశోధన కొలిచింది. సగటు 7 లక్షల ఏళ్లు. దాదాపు మూడో వంతు రాళ్లు 10 లక్షల ఏళ్లు దాటినవి. అంతకాలం ఆ నేల మీద నది పారలేదు, కొండచరియ దిగలేదు, చెట్టు మొలవలేదు. ఆస్ట్రేలియా దక్షిణ తీరాన ఉన్న నల్లార్బోర్ మైదానం మరో మంచి ఉదాహరణ. సుమారు 2 లక్షల చదరపు కిలోమీటర్ల సున్నపురాతి చదును అది. పైన పారే నది ఒక్కటీ లేదు. పడిన కొద్ది వాననూ సున్నపురాయి పీల్చేసుకుంటుంది. కుందేళ్ల వేటకు తిరిగినవాళ్లు అక్కడ ఉల్కలు ఏరేవారు. ముండ్రాబిల్లా దగ్గర 1966లో కనబడిన ఇనుప ఉల్కలో పెద్ద ముక్క ఒక్కటే 12 టన్నుల దాకా తూగింది.

ఉపగ్రహ చిత్రంలో ఈ నిశ్చలతను ఎలా పసిగట్టాలి? వాగులూ వంకలూ లేకపోవడం, ఇసుక తిన్నెల వరసలు లేకపోవడం, మడుల గళ్లు లేకపోవడం మొదటి గుర్తులు. నేల మీదికి వెళ్లి చూస్తే చిన్న రాళ్లు ఒకదాని పక్కన ఒకటి పరిచినట్టు సర్దుకుని ఉంటాయి. వాటి పైభాగం ఎండకు నల్లబడి నిగనిగలాడుతుంటుంది, తిప్పితే అడుగు భాగం లేత రంగులో కనిపిస్తుంది. అంటే ఆ రాయి తరతరాలుగా అదే భంగిమలో ఉందన్నమాట.

ఏటి ఒడ్డులు ఇందుకు పూర్తి వ్యతిరేకం. రాళ్లు కుప్పలుగా కనిపిస్తాయి కనుక అక్కడ వెతకాలన్న ఆశ పుడుతుంది. ప్రతి వరదకూ దొర్లి, గుద్దుకుని, అరిగే చోట ఉల్క నాలుగేళ్లు నిలవడమే గొప్ప. నిలిచినా అన్ని రాళ్లలో దాన్ని పట్టుకోవడం మరీ కష్టం.

2. వాన ఎంత? తేమ ఎంత? ఉప్పు ఎంత?

రాతి ఉల్కల్లో సాధారణంగా కనిపించే రకాల్లో చాలావాటికి బరువులో పదో వంతు అటూఇటూగా ఇనుము, నికెల్ కలిసిన లోహం ఉంటుంది. అది సన్నటి రవ్వలుగా రాయంతా చెదిరి ఉంటుంది. తేమ తగలగానే ఆ రవ్వలు తుప్పు పడతాయి. తుప్పు ఉబ్బుతుంది, రాయి లోపలి నుంచే పగులుతుంది. ఎడారిలో వేల ఏళ్లు, పదుల వేల ఏళ్లు పట్టే ఈ పని తడి దేశాల్లో చాలా తొందరగా జరిగిపోతుంది. అందుకే దట్టమైన అడవులు, వర్షాధార పంటభూములు, వేడీ తేమా కలిసి నేలను ఎర్రటి మొరంగా మార్చే ఉష్ణమండల ప్రాంతాలు జాబితాలో చిట్టచివరికి పోతాయి.

వాన లెక్క ఒక్కటే చూసి మోసపోయేవారూ ఉన్నారు. తీరం వెంబడి పొగమంచు వచ్చే ఎడారుల్లో వాన చుక్క పడకపోయినా రాయి రోజూ తడుస్తుంది. అటకామాలోనూ సముద్రపు మంచు అందని లోతట్టు భాగాలే మంచివి. ఎండిన ఉప్పు చెరువులదీ ఇదే తంతు. తెల్లటి నేల మీద నల్లటి రాయి కొట్టొచ్చినట్టు కనబడుతుంది నిజమే, కానీ ఉప్పులోని క్లోరైడు లోహాన్ని మరింత వేగంగా తినేస్తుంది. అలాంటి చోట ఈమధ్య పడినవే దొరుకుతాయి. పాతవాటి మీద ఆశ పెట్టుకోకూడదు.

3. నల్ల రాయి ఆ నేల మీద వేరుగా కనిపిస్తుందా?

అప్పుడే పడిన ఉల్కకు గాలి రాపిడితో కరిగి గట్టిపడిన నల్లటి పలుచటి పెంకు ఉంటుంది. పాతబడ్డాక అది గోధుమ రంగుకు, తుప్పు రంగుకు తిరుగుతుంది. నేల లేత రంగులో ఉండి, సొంత రాళ్లు తక్కువగా ఉంటే ఈ రాయి దూరం నుంచే కంటపడుతుంది. ఒమన్‌లోని జిద్దత్ అల్ హరాసీస్, లిబియాలోని దార్ అల్ గనీ ఇందుకే పేరుపడ్డాయి. రెండూ లేత సున్నపురాతి చదునులు. ఒమన్ చదునులో వాహనంలో మెల్లగా పోతూ కిటికీలోంచి చూసి రాళ్లు పట్టుకున్నవారున్నారు. చంద్రుడి నుంచి వచ్చిన సయ్ అల్ ఉహైమిర్ 169 అనే రాయి 2002లో దొరికింది ఒమన్‌లోనే.

ఇదే వేట దక్కన్ నల్లరాతి మీద పెట్టుకుంటే ఏమవుతుంది? నేలంతా నల్లరాయే, కొంత అయస్కాంతానికి కూడా అంటుతుంది. ఒక్క ఉల్క కోసం లక్ష రాళ్లు తిప్పి చూడాలి. అందుకని రెండు ప్రాంతాల మధ్య ఎటూ తేల్చుకోలేనప్పుడు, భూగర్భ పటం తెరిచి సున్నపురాయి ఉన్నదాన్ని ఎంచుకోవడం మేలు.

రాళ్లే లేని నేల ఇంకా గొప్పది. అమెరికాలో కాన్సస్ రాష్ట్రపు గోధుమ పొలాల్లో గాలి తెచ్చి పోసిన మెత్తటి మన్ను తప్ప రాయన్నది కనబడదు. 1880ల్లో అక్కడ కాపురం పెట్టిన ఎలైజా కింబర్లీ అనే రైతు గృహిణి పొలంలో బరువైన నల్లరాళ్లను చూసి, చిన్నప్పుడు చూసిన ఉల్కలాంటివే ఇవి అని పోగు చెయ్యడం మొదలుపెట్టింది. ఇరుగుపొరుగు నవ్వారు. 1890లో ఒక ప్రొఫెసరు వచ్చి చూసి కొనుక్కుపోయాడు. బ్రెన్‌హమ్ ఉల్కగా శాస్త్రలోకానికి తెలిసింది ఇలాగే. ఆమెకు పరికరాలేవీ లేవు. రాయి ఉండకూడని చోట రాయి ఉందని గమనించింది, అంతే. 2005లో అదే ప్రాంతంలో భూమిలోంచి 650 కిలోల ముక్క తీశారు. పైపైన ఏరడం అయిపోయిన చోట కూడా లోహాన్ని పసిగట్టే యంత్రంతో లోతుకు వెతకొచ్చని ఈ సంగతి చెబుతుంది. అయితే అది ఇనుము ఎక్కువగా ఉన్న ఉల్క పడిందని ముందే తెలిసిన చోటికే వర్తిస్తుంది.

4. రాళ్లను ఒకచోటికి చేర్చే శక్తి ఏదైనా ఉందా?

ఇంతవరకు చెప్పినవి పడిన రాయిని ఉన్నచోటే నిలిపే నేలలు. దూరదూరాల రాళ్లను పోగుచేసి ఇచ్చే నేలలు కొన్ని ఉన్నాయి. వాటిలో అంటార్కిటికాను మించింది లేదు.

1969లో జపాన్ బృందం ఒకటి యమాటో పర్వతాల దగ్గర మంచు కదలికను కొలవడానికి వెళ్లి, ఒకే చోట తొమ్మిది ఉల్కలు చూసింది. ఒకే ఉల్క పగిలి పడిన ముక్కలు అనుకోవడం సహజం. పరీక్షిస్తే అవి వేర్వేరు రకాలని తేలింది. అంటే వేర్వేరు కాలాల్లో, వేర్వేరు చోట్ల పడినవి ఒక దగ్గరికి చేరాయి. ఎలా? ఖండం నడిబొడ్డున పడిన రాయి మంచులో కూరుకుపోయి, ఆ మంచుతోపాటే ఏళ్ల తరబడి తీరం వైపు నెమ్మదిగా సాగుతుంది. దారిలో కొండ అడ్డు తగిలితే మంచు ఆగుతుంది. పైనుంచి దిగే పొడి చలిగాలి ఆ మంచును ఏటా కొన్ని సెంటీమీటర్ల చొప్పున ఆవిరి చేసేస్తుంది. మంచు పోతుంది, రాయి మిగులుతుంది. నీలంగా మెరిసే ఆ గట్టి మంచు మీద నల్లటి రాయి కనిపించిందంటే అది చాలావరకు ఆకాశం నుంచి వచ్చిందే, ఎందుకంటే కింద నేల చాలా లోతున ఉంది. 1976 నుంచి అమెరికా బృందాలు దాదాపు ఏటా అక్కడికి వెళ్తూ వచ్చాయి. అంగారకుడి నుంచి వచ్చిన ప్రసిద్ధ రాయి అలన్ హిల్స్ 84001 దొరికింది 1984 డిసెంబరులో, ఈ వెతుకులాటలోనే. అన్ని దేశాల బృందాలూ కలిసి ఇప్పటిదాకా 45 వేలకు పైగా ఏరాయి. ఉన్నవాటిలో ఇది 15 శాతం కూడా కాదని 2022లో ఒక అంచనా వచ్చింది. ఇక్కడ తొందరపడవలసిన కారణమూ ఉంది. వాతావరణం వేడెక్కే కొద్దీ నల్లటి రాయి ఎండకు వేడెక్కి, కింది మంచును కరిగించుకుని లోపలికి దిగిపోతోంది. ఏటా 5 వేల దాకా ఇలా కనబడకుండా పోతున్నాయని 2024లో వచ్చిన మరో పరిశోధన లెక్కకట్టింది.

ఎడారుల్లో ఈ పని కొంతవరకు గాలి చేస్తుంది. చాటతో చెరిగినట్టు సన్నటి మన్నునూ ఇసుకనూ ఎగరగొట్టి, బరువైన రాళ్లను అడుగున వదిలేస్తుంది. అమెరికాలోని న్యూ మెక్సికోలో రూజ్‌వెల్ట్ కౌంటీ పొలాలను 1930ల దుమ్ము తుపాన్లు ఇలాగే గుంటలు గుంటలుగా తవ్వేశాయి. ఆ గుంటల అడుగున బయటపడిన గట్టి నేల మీద వందకు పైగా ఉల్కలు దొరికాయి. గాలి ఇసుకను పట్టుకుపోయే చోటు వెతకాలి. తెచ్చి పోసే చోటు వదిలెయ్యాలి. ఎడారి అనగానే ఇసుక తిన్నెలు ఊహించుకుని అటు పరుగెత్తడం కొత్తవాళ్లు చేసే మొదటి పొరపాటు. తిన్నె కదులుతూ కదులుతూ కింద ఉన్నదాన్నంతా పూడ్చేస్తుంది. థార్ ఎడారిలో ఉల్కలు విరివిగా దొరకకపోవడానికి ఇదో ముఖ్య కారణం. తిన్నెల మధ్య ఇసుక పలచబడి గట్టి నేల తేలిన పాయలుంటే వాటిని మాత్రం చూడొచ్చు.

5. ఆ నేల రాళ్లన్నీ ఎరిగినవాళ్లు ఎవరు?

అమెరికాలో 1923 నుంచి ఉల్కల వెంటపడిన హార్వే నినింగర్ మైదానాల్లోని ఊళ్లు తిరుగుతూ, బడుల్లోనూ సభల్లోనూ ఉల్క ఎలా ఉంటుందో చూపించి, అలాంటిది దొరికితే కొంటానని చెప్పేవాడు. రైతులు గొడ్ల కొట్టాం దగ్గరో, తలుపుకు ఆనించో పెట్టుకున్న రాళ్లు తెచ్చి చూపించేవారు. తాను నడవాల్సిన వేల కిలోమీటర్లు అప్పటికే నాగలి వెనక నడిచినవారి చేత చెప్పించుకోవడం ఎంత తెలివైన పని! మొరాకోలో సంచార పశుపోషకులు, ఒమన్‌లో ఒంటెల కాపరులు, ఎక్కడైనా గొర్రెల కాపరులు ఇలాంటి జ్ఞానం ఉన్నవారే. వాళ్లను అడిగేటప్పుడు 'ఉల్క చూశారా' అంటే లాభం లేదు. 'ఇక్కడ మామూలుగా కనబడని, మరీ బరువైన రాయి ఎక్కడైనా చూశారా' అని అడిగితే మాట సాగుతుంది.

6. ఏరిన రాయి ఎవరిది?

ఎంత మంచి నేలైనా చట్టం ఒప్పుకోకపోతే అది చెడ్డ ప్రాంతమే. అంటార్కిటికాలో ఏరుకునే వీలు శాస్త్ర పరిశోధన బృందాలకే ఉంది. ఒమన్‌లో అనుమతి లేకుండా ఏరడమూ, దేశం దాటించడమూ నేరం. నల్లార్బోర్‌లో పశ్చిమ ఆస్ట్రేలియా వైపు దొరికిన ప్రతి ఉల్కా ఆ రాష్ట్ర ప్రభుత్వానిదే, అక్కడి మ్యూజియానికి అప్పగించాలి. అమెరికాలో ప్రైవేటు భూమిలో పడినది భూస్వామిదని అయోవా న్యాయస్థానం 1892లోనే తేల్చింది. ఫెడరల్ భూనిర్వహణ శాఖ కిందున్న బయలు భూముల్లో సొంత సేకరణ కోసం ఏడాదికి పది పౌండ్ల వరకు ఏరుకోవచ్చు, జాతీయ పార్కుల్లో మాత్రం ముట్టుకోకూడదు.

మస్కట్‌లో ఉద్యోగం చేస్తున్న ఒక తెలుగు ఇంజనీరు శుక్రవారం సెలవున మిత్రులతో ఎడారికి వెళ్లాడనుకుందాం. తెల్లటి నేల మీద పిడికెడు నల్లరాయి కనబడింది. జేబులో వేసుకుని విమానం ఎక్కితే జైలు దాకా పోవచ్చు. రాయిని కదపకుండా ఫొటో తీసి, ఫోనులో ఆ స్థలం అక్షాంశ రేఖాంశాలు గుర్తు పెట్టుకుని, అక్కడి అధికారులకు తెలియజేస్తే పేరు దక్కుతుంది, రాయి శాస్త్రానికి దక్కుతుంది. అదే సెలవు రోజు అరిజోనాలో ఉండే అతని తమ్ముడికి ఎండిన చెరువు బయలు మీద చిక్కితే, అది ఏ శాఖ భూమో పటంలో చూసుకుని ఇంటికి తెచ్చుకోవచ్చు. నేల గుణం రెండుచోట్లా ఒకటే కావచ్చు, వేటగాడికి మాత్రం అవి రెండు వేర్వేరు లోకాలు.

7. ప్రాణానికి ప్రమాదం ఎంత?

ఉత్తరాఫ్రికాలో పాత యుద్ధాల మందుపాతరలు ఇంకా నేలలోనే ఉన్న ప్రాంతాలున్నాయి. నల్లార్బోర్ చదునులో గుర్తుపట్టడానికి చెట్టూ గుట్టా ఉండవు, సున్నపురాతి బిలాలు మాత్రం ఉంటాయి. ఒంటరిగా వెళ్లకూడదు, తాగునీరు లెక్కకు రెట్టింపు ఉండాలి.

తెలుగు నేల సంగతి

పై ప్రశ్నలతో తూస్తే ఆంధ్రప్రదేశ్, తెలంగాణలకు మంచి మార్కులు రావు. అతి తక్కువ వాన పడే అనంతపురం ప్రాంతంలో కూడా ఏటా 500 మిల్లీమీటర్లు దాటుతుంది. అటకామా నడిబొడ్డున అంత వాన పడటానికి తరాలు పడుతుంది. కర్నూలు, కడప వైపు సున్నపురాతి చదునులున్నాయి కదా అనిపించవచ్చు. అక్కడి నాపరాళ్లలో చాలావరకు ముదురు రంగువే, పైగా వాటి మీది నేల ఏళ్లుగా దున్నుతున్నదే. పాత ఉల్క కోసం ఈ రాష్ట్రాల్లో గట్ల వెంట తిరగడం వ్యాయామానికి మంచిది, అంతకు మించి ఆశించకపోవడమే నయం.

పైగా ఇక్కడి నేల ఉల్కల్లా కనిపించే రాళ్లతో నిండి ఉంది. ఉత్తర తెలంగాణలో కోనసముద్రం వంటి ఊళ్లలో ఒకప్పుడు పేరుమోసిన ఉక్కు తయారైంది. ఆ కొలుముల ఇనుప చిట్టెం దిబ్బలు ఇప్పటికీ ఊళ్ల పక్కన కనబడతాయి. నల్లగా, బరువుగా, కరిగి గట్టిపడినట్టు ఉండే ఆ చిట్టెం ముక్క ఉల్కేనని పొరబడటం ఎంత తేలిక! పగలగొడితే లోపల బుడగల చిల్లులుంటాయి. ఉల్కలో బుడగలు దాదాపుగా ఉండవు. ఎర్రరాయి ఇనుప ఖనిజమైతే గరుకైన పింగాణీ పలక మీద గీస్తే ఎర్రటి గీత పడుతుంది, ఉల్క సాధారణంగా గీత వెయ్యదు. భీమిలి తీరపు నల్ల ఇసుకలో అయస్కాంతం తిప్పి అంటుకున్నదంతా ఆకాశపు ధూళేనని మురిసిపోకూడదు, అది సముద్రం తెచ్చిపోసిన భూమి ఖనిజమే.

అలాగని ఈ నేల చేతులెత్తేసినట్టు కాదు. భారతదేశంలో నమోదైన ఉల్కల్లో అత్యధికం పడుతుండగా చూసి ఏరినవే. నెల్లూరు ప్రాంతంలో 1852లో పడిన యాటూరు ఉల్కా, నెడగొల్ల ఉల్కా అలాంటివే. అంగారకుడి రాళ్లలో ఒక రకానికే పేరునిచ్చిన షేర్‌గాటీ ఉల్క 1865లో బీహార్‌లో జనం చూస్తుండగా పడింది. ఎడారి లేకపోయినా ఇక్కడ ప్రతి పొలంలోనూ, ప్రతి డాబా మీదా మనుషులుంటారు. జనసాంద్రతే ఈ దేశపు వేటకు బలం. కనుక ఇక్కడ అడగవలసిన ప్రశ్న మారుతుంది: పెద్ద వెలుగూ, ఉరుములాంటి చప్పుడూ వచ్చాక, ఆ వారం రోజుల్లో ఏ చోటు మంచిది?

తాజాగా పడినప్పుడు ఎంచుకునే చోట్లు

తాజా ఉల్క విషయంలో వేల ఏళ్ల నిశ్చలత అక్కర్లేదు. కొద్ది రోజులు పొడిగా, ఖాళీగా ఉండే ఉపరితలం చాలు. 2013 ఫిబ్రవరిలో రష్యాలోని చెల్యాబిన్స్క్ మీద పేలిన ఉల్క ముక్కలను జనం మంచులో పడిన చిన్న చిన్న చిల్లులను బట్టి ఏరుకున్నారు. మంచు కరిగి గడ్డి మొలిచాక అదే చోట వెతకడం పదింతలు కష్టం. 2000 జనవరిలో కెనడాలోని టాగిష్ సరస్సు గడ్డకట్టి ఉన్నప్పుడు దాని మీద అరుదైన కర్బన ఉల్క పడింది. స్థానికుడొకరు ఆ ముక్కలను చేత్తో తాకకుండా సంచుల్లోకి తీసి, మంచు చలిలోనే భద్రపరిచారు. వేసవిలో పడి ఉంటే మొత్తం నీటిపాలయ్యేది.

తెలుగు ఊళ్లలో ఇందుకు సరితూగే చోట్లు ఏవి? సిమెంటు డాబాలు, తారు రోడ్లు, బడి ఆటస్థలాలు, కోతలైన మళ్లు, కళ్లాలు, ఎండిన చెరువు గర్భాలు, తీరంలో అయితే ఉప్పు మళ్లు. జనవరి నుంచి మే దాకా ఇవన్నీ పొడిగా, బోడిగా ఉంటాయి. ఆగస్టులో పడితే అదే ఊళ్లో పని అయిపోయినట్టే. జైపూర్ సమీపంలోని ముకుంద్‌పురా పొలంలో 2017 జూన్ 6న పడిన కర్బన ఉల్క అంత తాజాగా దక్కడానికి రుతుపవనాలు ఇంకా చేరకపోవడం కలిసొచ్చింది. అలాంటి మెత్తటి రాయి రెండు గట్టి వానలకు చెదిరిపోతుంది.

వెలుగు కనబడిన దిక్కుకు పరుగెత్తడం ఇక్కడ అందరూ చేసే తప్పు. 'పక్కూరి చెరువు వెనకే పడింది' అని చూసినవారంతా ప్రమాణం చేస్తారు. నిజానికి ఆ వెలుగు పదుల కిలోమీటర్ల ఎత్తులోనే ఆరిపోతుంది, రాయి ఆ తరువాత చీకట్లో పడుతుంది. పడే చోటు చాలాసార్లు వంద కిలోమీటర్ల దూరంలో ఉండొచ్చు. ఒకరి మాట కాకుండా, దూరదూరంగా ఉన్న రెండు మూడు ఊళ్ల సీసీ కెమెరాల దృశ్యాలు పోల్చి దారి గీయాలి. చప్పుడు గట్టిగా వినబడిన ఊళ్లు ఆ దారికి దగ్గరగా ఉన్నాయని అర్థం. అమెరికాలోనైతే వాతావరణ రాడార్లు రాళ్ల జల్లును నేరుగా పట్టేస్తున్నాయి. 2009 ఫిబ్రవరిలో టెక్సస్‌లో పడిన ఉల్క తొలి ఉదాహరణల్లో ఒకటి. డల్లస్ ప్రాంతంలో ఉండే తెలుగువారికి ఆ రాడార్ చిత్రాలు ఇంట్లో కూర్చునే చూసే వీలుంది.

ఇంకో పొరపాటు కూడా చెప్పుకోవాలి. పెద్ద ఉల్కా బిలం ఉన్నచోట ఉల్క ముక్కలు కుప్పలుగా ఉంటాయని అనుకుంటారు. మహారాష్ట్రలోని లోనార్‌కు సంచులు పట్టుకుని వెళ్లడం దండగ, అంత పెద్ద తాకిడిలో వచ్చిన రాయి చాలావరకు కరిగి ఆవిరైపోతుంది. అరిజోనా బిలం అడుగున కోట్ల విలువైన ఇనుము ఉందని నమ్మి డేనియల్ బారింజర్ ఏళ్ల తరబడి తవ్వించి ఏమీ సాధించలేకపోయాడు. అక్కడ దొరికిన ముక్కల్లో చాలావరకు బిలం చుట్టుపక్కల చెదిరి పడినవే.

ఎంచుకున్నాక

పటం మీద ప్రాంతాన్ని అరకిలోమీటరు గళ్లుగా గీసుకుని, ఒక గడి పూర్తయ్యాకే మరొకదానికి వెళ్లాలి. ఇష్టమొచ్చినట్టు తిరిగితే చూసిందే చూడటం, చూడనిది వదిలెయ్యడం జరుగుతుంది. పొద్దుట, సాయంత్రం ఏటవాలు ఎండ వీపు వైపు ఉండేలా నడిస్తే రాళ్ల రంగు తేడా బాగా తెలుస్తుంది.

రాయి కనబడగానే అయస్కాంతం అంటించే అలవాటు మానుకోవడం మంచిది. బలమైన అయస్కాంతం, రాయి కోట్ల ఏళ్లుగా దాచుకున్న అయస్కాంత జాడలను క్షణంలో చెరిపేస్తుంది. ముందు ఉన్నచోటే, పక్కన కొలబద్ద పెట్టి ఫొటో తీయాలి. స్థలం, తేదీ రాసుకోవాలి. మొరాకో బజార్ల ద్వారా వచ్చిన వేలాది రాళ్లకు 'వాయవ్య ఆఫ్రికా' అన్న పేరు, ఒక సంఖ్య తప్ప దొరికిన చోటు తెలియదు. వాటిని బట్టి ఏ నేల ఎంత ఇచ్చిందో ఇక ఎవరూ చెప్పలేరు. కడగకుండా, శుభ్రమైన ప్లాస్టిక్ సంచిలోకి చెయ్యి తగలకుండా తీయాలి. భారతదేశంలో దొరికిన ఉల్కలకు సంరక్షక సంస్థ జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా. హైదరాబాద్‌లో దాని ప్రాంతీయ కార్యాలయం ఉంది. తహసీల్దారుకు తెలియజేసినా కబురు అక్కడికి చేరుతుంది. రాయితోపాటు నడిచిన గళ్ల పటాన్ని కూడా ఇవ్వాలి. ఏమీ దొరకని గళ్లను అందులో ఖాళీ అని గుర్తు పెట్టి ఉంచితే, తరువాత వచ్చేవారు అక్కడ మళ్లీ నడవనక్కర్లేదు.